నాదస్వరానికి హెడ్‌ఫోన్లు ఎంచిన సంగతి

కిందటి వేసవిలో మైలవరం వైపు నుంచి ఒక నాదస్వర విద్వాంసుడు మా ఇంటికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. పెళ్ళిళ్ళలో, గుళ్ళలో నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాడు కానీ, ఆయన వాయించినదానికి సరైన రికార్డు ఒక్కటీ లేదు. ఉన్నవల్లా ఎవరెవరి పెళ్ళి వీడియోల్లోనో భోజనాల గోలలో కలిసిపోయిన ముక్కలే. ఇన్నాళ్ళకి బెజవాడలో ఒక స్టూడియో ఆయన చేత గంటసేపు వాయించి రికార్డు చేస్తామంది. గది చిన్నది. అందుకని ముందు డోలు ఒక్కటే రికార్డు చేస్తారు. తరవాత ఆ డోలు ఈయన చెవుల్లో వినిపిస్తూ ఉంటే, దాని మీద ఈయన వాయించాలి. స్టూడియోలో ఉన్న హెడ్‌ఫోన్లు వదులైపోయి, వాటిలోంచి డోలు మోత బయటికొచ్చి మైకులో పడుతోందట.

"చెవి పూర్తిగా మూసేది కావాలండీ అన్నగారూ. మడిచి సంచిలో పెట్టుకునేట్టుండాలి. బస్సులో కూచుని కూడా డోలు వింటూ తాళం లెక్క చూసుకుంటాను," అన్నాడు. మళ్ళీ, "ఊపిరి ఇంకా ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలీదండీ. ఈ ఒక్కటీ బాగా రావాలి. మీరు ఏది చెప్తే అదే కొంటాను," అన్నాడు.

ఆ చివరిమాట నాకెంత బరువో ఆయనకి తెలుసు. అందుకే అన్నాడు.

నేను ఏడో తరగతి దాటలేదు. మైకుసెట్టు అద్దెకిచ్చి బతికాను. పాత పుస్తకాల కొట్లో దొరికిన ఒక ఇంగ్లీషు రేడియో పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మూడేళ్ళు చదివాను. చెడిపోయిన ఏంప్లిఫయర్లు విప్పి, కాల్చుకున్న వేళ్ళతో తక్కినది నేర్చుకున్నాను. ఇంజనీరింగు చదివినవాళ్ళు నా దగ్గరికొచ్చి, "ఈ కూత ఎక్కణ్ణుంచి వస్తోందండీ" అని అడిగిన రోజులు నాకు గుర్తున్నాయి. వాళ్ళకి గుర్తుండకపోవచ్చు.

హెడ్‌ఫోన్ల గురించి ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరా అంటే, ఫోను నిండా వాళ్ళే. ఒకాయన డబ్బా విప్పుతాడు, రంగు బాగుందంటాడు, దడదడలాడే పాటొకటి పెట్టి తలూపుతాడు, ఐదుకి నాలుగున్నర మార్కులేసి వెళ్ళిపోతాడు. దాంట్లో వీణ ఎలా ఉంటుంది, హార్మోనియం పక్కన పద్యం ఎలా నిలబడుతుంది, నాదస్వరం పైస్థాయికి పోతే చెవి తట్టుకుంటుందా అని చెప్పిన పుణ్యాత్ముణ్ణి నేను చూడలేదు. అందుకే నేనే తేలుస్తాననుకున్నాను. గవర్నరుపేటలో నాకు తెలిసిన కొట్టాయన, బల్ల మీద చూపించడానికి పెట్టిన మూడింటిని వారం రోజులు వాడి చూడమని ఇచ్చాడు.

ఇక్కడ మా పనిలో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. మైకుసెట్టులో ఏంప్లిఫయరు పెట్టె దగ్గర కూచున్నవాడు తన చెవిని నమ్మకూడదు. వాడి పక్కనే మిషను హోరు, వెనకాల స్టేజీ మీద పాడేవాడి సొంత గొంతు. అక్కడ బాగున్నది జనంలోకి వెళితే చెత్తగా ఉంటుంది. కాబట్టి రెండోవాడొకడు జనం చివర నిలబడి వింటాడు. అక్కణ్ణుంచి చేత్తో చెప్తాడు. అరచెయ్యి కిందికి నొక్కితే పైశబ్దం తగ్గించాలి. పిడికిలి చూపిస్తే మోత ఎక్కువైంది. రెండు వేళ్ళు చెవి దగ్గర ఆడిస్తే మాట తెలియడం లేదు. చెయ్యి గుండెల మీద పెట్టుకుంటే, ఇంక ముట్టుకోకు, బాగుంది అని.

మా జట్టులో పెట్టె నాది. బయట నిలబడే చెవి నా స్నేహితుడిది. కొల్లేటి చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, చేపల తట్ట ఎత్తనని ఇంట్లో పోట్లాడి వచ్చి నా దగ్గర చేరాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను "గురూ" అంటాడు. దివిసీమ దాకా మేము వెళ్ళని తిరనాళ్ళు లేవు. వాడు చెయ్యెత్తితే నేను మీట తిప్పాను. ఎందుకురా అని ఒక్కనాడూ అడగలేదు. డీజేలొచ్చాక సెట్టు అమ్మేశాం కానీ, ఎక్కడ పాట విన్నా ఒకరికొకరం చెప్పుకోకుండా ఉండలేదు.

కనక హెడ్‌ఫోన్లు ఎంచడానికి వాణ్ణి పిలిచాను. గన్నవరం దగ్గర కొడుకింట్లో ఉంటాడు. పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాడు. మా వరండాలో వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో కూచోవడం, నేను లోపల బల్ల దగ్గర పాటలు పెట్టడం, కిటికీలోంచి వాడి చెయ్యి చూసి పుస్తకంలో రాయడం. అదే పాత పద్ధతి. చెవిని మూసేసే రకం కాబట్టి వాడికి వినపడేది నాకు వినపడదు. ముందు నేను విని నా మాట పెన్సిలుతో రాసుకునేవాణ్ణి, తరవాత వాడి తీర్పు పెన్నుతో.

మూడింటిలో మొదటిది నల్లది. మెత్తటి దిళ్ళు, అరచేతిలోకి ముడుచుకుంటుంది. రెండోది వెండిరంగుది, తీగ కావాలంటే పెట్టుకోవచ్చు, లేకపోతే తీసెయ్యొచ్చు, చూడ్డానికి నగలా ఉంటుంది. మూడోదానికి ఎర్ర తీగ ఉంది. తల మీద పెడితే కణతలు పట్టుకుని వదలదు.

నా చెవికి తోచింది తోచినట్టు చెప్తాను. పద్యనాటకానికి ఎర్రతీగది మంచిది. నేను ఎప్పుడో పామర్రు దగ్గర రికార్డు చేసిన పద్యాలు పెడితే, రాగం సాగదీసి సాగదీసి చివర నటుడు గుక్క తిప్పుకునే చప్పుడు కూడా అందులో తెలిసింది. హార్మోనియం ఆయన గొంతు మీదికెక్కలేదు. అరగంట దాటితే మాత్రం కణతలు నొప్పి. వీణకి నల్లది. మీటిన తరవాత తీగలో మిగిలే ఆ కాస్త నాదాన్ని అది తొందరపడి మింగేయదు. చెక్కభజనకి ఏదీ పనికిరాలేదు, వెండిదాంట్లో చిడతలు పళ్ళ మీద సుత్తెతో కొట్టినట్టున్నాయి. ఇప్పటి సినిమా పాటలకి ఏదైనా ఒకటే, వాటిలో ఉన్నది మోతే. పాత సినిమా పాటలకి మళ్ళీ నల్లదే. ఆడగొంతు ఉండాల్సిన చోట ఉంది.

నాదస్వరానికి విద్వాంసుడే తన సాధన రికార్డు ఇచ్చాడు, డోలుతో కలిపి. మొదటిరోజు ఆయన కూడా మాతో కూచున్నాడు. నల్లదాంట్లో వింటే డోలు రెండు వైపులూ వేరువేరుగా తెలిశాయి, నాదస్వరం నిండుగా ఉంది, పైకి వెళ్ళినా కోపగించుకోలేదు. వెండిదాంట్లో అదే ఆలాపన పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి సూది గుచ్చినట్టయింది. తలకాయ పక్కకి తిప్పుకున్నాను. పుస్తకంలో రాశాను: వెండిది, నాదస్వరానికి కూడదు, పొడుస్తుంది.

తరవాత వాడు పెట్టుకున్నాడు. నల్లది పెట్టుకున్న నిమిషానికే రెండు వేళ్ళు చెవి దగ్గర ఆడించాడు.

"ఏంట్రా?" అని అరిచాను.

ఒకవైపు పైకెత్తి, "కొల్లేట్లో మునిగి విన్నట్టుంది గురూ! దుప్పటి కప్పుకుని వాయిస్తున్నాడా ఈయన?" అన్నాడు. విద్వాంసుడు నవ్వాడు.

వెండిది పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి గుండెల మీదికెళ్ళింది. "ఇదీ నాదస్వరమంటే! ఇప్పుడొచ్చింది బయటికి. అబ్బ, ఏం గమకమండీ మీది," అన్నాడు.

"నాకు పొడిచిందిరా," అన్నాను.

"పెట్టె దగ్గర కూచున్నావుగా, నీకలాగే ఉంటుంది," అన్నాడు నవ్వుతూ. నలభై ఏళ్ళుగా వాడు నాతో అంటున్న మాటే అది. ఆ మాట నిజం కాని రోజు ఎప్పుడూ రాలేదు. పెన్సిలుతో రాసినదాని మీద గీత కొట్టేశాను. నాలుగు రోజులు అన్నీ తిప్పి తిప్పి విన్నాం. నాలుగు రోజులూ వాడి చెయ్యి అదే చెప్పింది. చివరికి పెన్నుతో ఒక కాగితం రాసి విద్వాంసుడికిచ్చాను: ఏ సంగీతానికి ఏది, నాదస్వరానికి వెండిది. కింద నా సంతకం. ఆయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. అదేరోజు కొట్టుకి వెళ్ళి వెండిది కొన్నాడు.

రికార్డింగు రోజున నన్ను కూడా రమ్మన్నాడు. మొగల్రాజపురంలో మేడ మీద స్టూడియో. డోలు ముందురోజే అయిపోయింది. డోలు ఆయన అద్దానికి ఇవతల నా పక్కనే కూచున్నాడు. విద్వాంసుడు వెండి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదలుపెట్టాడు. కింది స్థాయిలో ఉన్నంతసేపూ బాగుంది. పైకి వెళ్ళేసరికి భుజం ఎగరేశాడు. ఆగిపోయాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ అక్కడే ఆగాడు. చెవిలో శబ్దం తగ్గించమన్నాడు. తగ్గిస్తే పొడవడం తగ్గింది కానీ డోలు వినపడలేదు. కీర్తన మధ్యలో లయ జారింది. అర అక్షరం. మామూలువాళ్ళకి తెలీదు. నా పక్కనున్న డోలు ఆయన మాత్రం తొడ మీద కొట్టుకున్నాడు.

"నలభై ఏళ్ళలో ఈయన జారడం ఇదే చూడ్డం," అన్నాడు నాతో. తరవాత, "పెళ్ళివాళ్ళు జనరేటరు పక్కన నిలబెట్టి వాయించమన్నా జారలేదండీ ఈ మనిషి. నెత్తిన ఈ నగేదో పెట్టి చెడగొట్టారు," అన్నాడు. ఆ నగ ఎవరు పెట్టించారో ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు.

ఐదుసార్లయ్యాక విద్వాంసుడి పెదవి అలిసిపోయింది. పెదవి అలిసిపోతే ఇంక ఆరోజుకి లేనట్టే. స్టూడియో ఆయన మళ్ళీ ఖాళీ దొరికినప్పుడు చెప్తానన్నాడు. ఎప్పుడో చెప్పలేదు. విద్వాంసుడు బయటికొచ్చాడు, చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. హెడ్‌ఫోన్లు నా చేతిలో పెట్టి, గొంతు పెంచకుండా, "అన్నగారూ, మీరు విన్నారా అసలు?" అన్నాడు.

విన్నాను. పొడిచింది. రాసుకున్నాను. గీత కొట్టేశాను. హెడ్‌ఫోన్లు సంచిలో పెట్టుకుని మెట్లు దిగాను.

అట్నుంచటే గన్నవరం బస్సెక్కాను. వాణ్ణి తిట్టాలని కాదు. వాడి చెయ్యి ఎలా తప్పిందో తెలుసుకోవాలని. వెళ్ళేసరికి వాడు గేటు వైపు వీపు తిప్పి, పెరట్లో కరివేపాకు చెట్టుకి నీళ్ళు పోస్తున్నాడు. గేటు కిర్రుమంది. తిరగలేదు. లోపల కుక్కరు కూసింది, వాడి చొక్కాజేబులో ఫోను మోగింది. వాడు నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. వాడి భార్య బయటికొచ్చి, నన్ను చూసి, కంగారుగా వెళ్ళి వాడి భుజం తట్టింది.

నన్ను చూడగానే వాడు చేసిన మొదటి పని, కుడిచెవి వెనకనుంచి గోధుమరంగు చుక్కంత మిషను తీసి జేబులో వేసుకోవడం.

"అదేంట్రా?"

"ఏం లేదు గురూ. రికార్డింగు ఎలా అయింది?"

"జేబులో వేసుకున్నదేంటి అంటున్నాను."

వాడు భార్య వైపు చూశాడు. ఆవిడే చెప్పింది. "చెవి మిషనండీ అన్నయ్యగారూ. అది ఉన్నా కూతలూ గంటలూ సరిగా అందవు. ఆరేళ్ళయింది. మీ ఇంటికొచ్చేటప్పుడు తీసేసి వస్తారు. మీకు తెలీదా?"

ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో మేమిద్దరం ఎన్ని పాటల గురించి వాదించుకున్నామో నాకు లెక్క లేదు. కొత్తగా వచ్చిన ప్రతి పాట మీదా వాడి మాట విన్నాను. వాళ్ళ ఇంట్లో అందరికీ తెలుసు, వీధిలో తెలుసు, మందులకొట్టువాడికి తెలుసు. తెలియనిది నాకొక్కడికే. పైశబ్దం అందని మనిషికి పొడిచేది పొడిచినట్టుండదు, తేటగా ఉంటుంది. మంచిది మూగగా ఉంటుంది. నా పుస్తకంలో నాలుగు రోజులు పెన్నుతో రాసిందంతా వాడి చెవిలో లేనిది. అంతకంటే ఏమీ కాదు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్తే పిలిచేవాడివా?"

"పిలిచేవాణ్ణే."

"దేనికి? టిఫిను తినడానికా?" అన్నాడు. "గురూ, పెళ్ళాం ఉంది, కొడుకున్నాడు, మనవలున్నారు. ఒక్కడైనా నన్ను 'ఇది ఎలా ఉంది' అని అడుగుతాడా? నువ్వొక్కడివే అడుగుతావు. దాన్ని కూడా పోగొట్టుకోమంటావా?"

"ఆయన రికార్డింగు పోయిందిరా! అరవై ఏళ్ళు దాటిన మనిషి, పెదవి పగిలేదాకా వాయించాడు!"

వాడి మొహం మాడిపోయింది. ఆ సంగతి వాడికి అప్పుడే తెలిసింది. కానీ వెంటనే ఎదురు తిరిగాడు. "నీకు పొడిచిందన్నావుగా. నాకు బాగుందన్నాను. నాకు బాగానే ఉంది, అబద్ధం చెప్పలేదు. నీ చెవి నీ దగ్గరే ఉందిగా, ఎందుకు గీత కొట్టావు?"

"నిన్ను నమ్మి కొట్టాను!"

"ఎవడు నమ్మమన్నాడు?"

ఇలా అంటాడని నేననుకోలేదు. వాడి భార్య కాఫీ తెచ్చింది. తీసుకోలేదు. ఆ ఇంట్లో కాఫీ వద్దనడం అదే మొదటిసారి. గేటు దాకా వచ్చి ఆవిడ, "హారన్ల కింద అన్నేళ్ళు నిలబడ్డారు కదండీ, డాక్టరుగారు అందుకే అన్నారు," అంది మెల్లిగా. తప్పు పట్టడానికి అనలేదు, వాడి మీద కోపం తగ్గిద్దామని అంది. నాకు మాత్రం తప్పు పట్టినట్టే తగిలింది. తిరనాళ్ళలో జనం చివర ఇంకో జత హారన్ స్పీకర్లు కట్టేవాళ్ళం. దాని కింద నిలబడి వినమన్నది నేనే. నేను పెట్టె దగ్గర, నీడలో, కుర్చీలో ఉన్నాను. నా చెవులు బాగున్నాయి. ఇది నిజం, ఒప్పుకుంటాను. ఒప్పుకున్నంత మాత్రాన వాడు ఆరేళ్ళు దాచింది చిన్నది కాదు. చెవి పోవడం వాడి తప్పు కాదు. పోయిన చెవితో చెయ్యెత్తడం తప్పు. ఎవరడిగినా ఇదే చెప్తాను.

అది జరిగి రెండు నెలలైంది, వాడితో ఇంకా మాట్లాడలేదు. వాడు ఫోను చేశాడు, నేను ఎత్తలేదు. విద్వాంసుడికి నేనే ఫోను చేసి, నల్లది తీసుకోమని చెబుదామనుకున్నాను. మళ్ళీ ఏ మొహంతో చెప్పను? వెండిది వెనక్కి తీసుకోమని కొట్టాయన్ని మాత్రం బతిమాలాను. వాడినది వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయన మర్యాదగా చెప్పాడు. "మీరు చెప్పబట్టే ఇంకో ఇద్దరికి కూడా అదే ఇచ్చానండీ," అన్నాడు పైగా. ఆ ఇద్దరెవరో అడిగే ధైర్యం లేక వచ్చేశాను.

మొన్న పొద్దున విద్వాంసుడే ఫోను చేశాడు. రికార్డింగు అయిపోయిందట. స్టూడియోలో ఉన్నట్టుండి ఒకరోజు ఖాళీ వస్తే పిలిచారట. ఆయన ముందురోజు తనే గవర్నరుపేట వచ్చి, కొట్లో నిలబడి, ఉన్నవన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని విని, నల్లది కొనుక్కున్నాడు. నాకు కబురు చెయ్యలేదు. మా ఇల్లు అక్కడికి ఆటోలో పది నిమిషాలు.

"బాగా వచ్చిందండీ, ఒక్కసారికే అయిపోయింది. మీ ఫోనుకి పంపాను. మీ స్నేహితుడిగారికి కూడా వినిపించండి," అన్నాడు.

"ఆయనకి వినపడదండీ," అన్నాను. బయటివాళ్ళతో ఆ మాట అనడం అదే మొదలు.

"తెలుసండీ," అన్నాడు. "ఆ మొదటిరోజే తెలిసింది. డోలు వాళ్ళతో బతికినవాణ్ణి కదండీ, మా వాళ్ళలో సగంమందికి అంతే. ఎదటివాళ్ళ పెదాలు చూసి మాట అందుకుంటారు. ఆయన కూడా అలాగే చూస్తున్నారు."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"మీకు తెలుసనుకున్నాను అన్నగారూ. నలభై ఏళ్ళ స్నేహం కదా. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక పక్కన కూచోబెట్టుకున్నారు, వినడం మాత్రం మీరే విన్నారు అనుకున్నాను. సంతకం మీదే కదండీ. అందుకే కొన్నాను."

ఉంటానండీ అని పెట్టేశాడు. మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆయన పంపినది విన్నాను. లయ ఎక్కడా జారలేదు. పై షడ్జం మీద నిలబడి ఆయన తీసిన ఊపిరి, అరవై దాటిన మనిషి ఊపిరి కాదు. గంట పూర్తయ్యాక మళ్ళీ మొదటినుంచి విన్నాను. బాగుందని చెప్పడానికి రెండుసార్లు ఫోను తీశాను. ఇంకా చెప్పలేదు. ఆయనకి నా మాటతో ఇంక పనేముంది?